రాగం లేకుండా చదివి చూడండి

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. చూడకూడనిది ఎదురైతే కన్ను మూసుకుంటాము, లేదా ముఖం తిప్పుకుంటాము. చెవికి ఆ సదుపాయం లేదు. గర్భంలో ఆరో నెల దాటేసరికే శిశువు శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. పుట్టిన తరువాత నిద్రలో సైతం చెవి పూర్తిగా విశ్రమించదు. ఉత్తరాంధ్ర ప్రభుత్వ ఆసుపత్రులలో నేను పనిచేసిన ముప్పయ్యేళ్ళకు పైబడిన కాలంలో తల్లులు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ బిడ్డ నోట్లోకి వెళ్ళే వాటి గురించే. ఎన్ని నెలలకు జావ పట్టాలి, గుడ్డు ఎప్పుడు పెట్టాలి, నీళ్ళు కాచాలా అక్కరలేదా, ఇవే. బిడ్డ చెవిలోకి వెళ్ళే వాటి గురించి ఒక్కరూ అడిగేవారు కారు. ఈ మూడు నాలుగేళ్ళుగా కొందరు యువ తల్లిదండ్రులు అడుగుతున్నారు. సాధారణంగా ఫోనులో, కొంత మొహమాటంగా, గొంతు తగ్గించి అడుగుతారు: "మా పాప ఆ పాట పాడుతోందండీ, ఏం చేయమంటారు?"

ఇది వైద్యుడు కలుగజేసుకోవలసిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. అమెరికాలోని శిశువైద్యుల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పాటల సాహిత్యం పిల్లలపై చూపే ప్రభావం గురించి 1989లోనూ, 1996లోనూ, మళ్ళీ 2009లోనూ విధాన ప్రకటనలు వెలువరించింది. టీకాల గురించి, పోషకాహారం గురించి మాట్లాడే సంఘమే పాటల గురించి కూడా మాట్లాడవలసి వచ్చిందంటే అది కాలక్షేపానికి చేసిన పని కాదు.

నేను ప్రేమ పాటల గురించి మాట్లాడటం లేదు. ఈ సంగతి ముందే స్పష్టం చేయాలి. లేకపోతే ముసలివాడు ఘంటసాల పాటలు తప్ప మరేదీ వినకూడదంటున్నాడని యువకులు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. నేను ప్రస్తావిస్తున్నది మనం 'ఐటమ్ సాంగ్' అని పిలిచే సరుకును. ఆ పేరే దానిని పట్టించి ఇస్తుంది. అందులో స్త్రీ మనిషి కాదు, ఒక వస్తువు. పండుతోనో, మిరపకాయతోనో, మందు సీసాతోనో, బండితోనో పోలిక. చుట్టూ పాతికమంది మగవాళ్ళు. వద్దంటున్నట్లు ఆమె పాడుతుంది, వద్దన్నదంటే రమ్మన్నట్లే అని వాళ్ళు బదులు పాడతారు. ద్వంద్వార్థం అనే మాటకు కూడా వాటికి అర్హత లేదు. రెండో అర్థం వెతకవలసిన అవసరం రచయిత మనకు మిగల్చడు.

సెన్సారు బోర్డు ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ బోర్డు ధ్రువపత్రం ఇచ్చేది థియేటరులో ఆడే సినిమాకు. 2023లో చట్టాన్ని సవరించి ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అంటూ వయసు విభాగాలు కూడా పెట్టారు. మంచిదే. కానీ పాట సినిమా కంటే ముందే యూట్యూబులో లిరికల్ వీడియోగా వచ్చేస్తుంది. దానికి ధ్రువపత్రంతో పని లేదు. పైగా ఆ వీడియోలో సాహిత్యం అక్షరం అక్షరంగా వెలుగుతూ తెరపై కదులుతుంది. కొత్తగా గుణింతాలు నేర్చుకున్న రెండో తరగతి బిడ్డ పాఠ్యపుస్తకం కంటే ఉత్సాహంగా దానిని కూడబలుక్కుని చదువుతుంది. సినిమా విడుదలై, దానికి ఏ వయసువారు అర్హులో బోర్డువారు తేల్చేసరికి, ఆ పాట పెళ్ళి ఊరేగింపులోను, వినాయక నిమజ్జనంలోను, స్కూలు ఆటోలోను, ఇంట్లోను నెల రోజులు మోగి ఉంటుంది.

పసిపిల్లలు భాషను ఎలా పట్టుకుంటారో గమనించిన వారికి ఒక సంగతి తెలుస్తుంది. వారికి ముందు లయ వస్తుంది, తరువాత మాట వస్తుంది, అర్థం అన్నిటికంటే వెనక వస్తుంది. ఎక్కాలను రాగయుక్తంగా చెప్పించిన మన పూర్వపు పంతుళ్ళకు ఈ రహస్యం తెలుసు. రాగంతో కట్టిన మాట మెదడులో గట్టిగా నాటుకుంటుంది. పక్షవాతం వచ్చి మాట పోయిన రోగులలో కొందరు, నీళ్ళు కావాలని చెప్పలేని స్థితిలో కూడా, చిన్నప్పటి పాటను పదాలతో సహా పాడగలగడం నేను వార్డులో స్వయంగా చూశాను. అంత లోతుకు దిగే సాధనంతో మనం పిల్లల మనసులో ఏం నాటుతున్నాము?

"పిల్లలకు అర్థం తెలియదు కదండీ" అనేది ఈ విషయంలో అందరూ చెప్పే సమాధానం. ఒక మండల కేంద్రంలోని ప్రైవేటు పాఠశాల వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచినప్పుడు నా పక్క కుర్చీలో కూర్చున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కూడా ఇదే మాట అన్నారు. వేదిక మీద మూడో తరగతి ఆడపిల్లలు ఆ సంవత్సరం మారుమోగిన ఒక పాటకు ఆడుతున్నారు. పెద్దవాళ్ళ దుస్తులు, పెద్దవాళ్ళ రంగులు, సినిమాలో ఉన్న భంగిమలే తూచా తప్పకుండా. పల్లవి రాగానే ముందు వరుసలోని తండ్రులు ఫోనులు పైకెత్తి నిలబడ్డారు, వెనక ఈలలు. ఆ పిల్లల ముఖాలను నేను జాగ్రత్తగా చూశాను. అర్థం తెలియదన్నది నిజమే. కానీ ఏ కదలికకు చప్పట్లు ఎక్కువ పడుతున్నాయో వాళ్ళకు స్పష్టంగా తెలిసింది. రెండో చరణంలో ఆ కదలికనే ఇంకాస్త గట్టిగా చేశారు. పిల్లలు పాట నుంచి నేర్చుకునేది తక్కువ; పాట వింటున్న మన ముఖాల నుంచి నేర్చుకునేది ఎక్కువ. ఆ రాత్రి ఎనిమిదేళ్ళ బిడ్డ నేర్చుకున్నది ఏ మాట అర్థమూ కాదు. నలుగురూ తనను మెచ్చుకోవాలంటే తన శరీరాన్ని ఎలా చూపాలో నేర్చుకుంది.

టెలివిజన్ నృత్యపోటీలలో చిన్నపిల్లల చేత పెద్దల సినిమా నృత్యాలను అసభ్యంగా చేయించవద్దని కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ 2019 జూన్‌లో ప్రైవేటు ఛానళ్ళకు సూచన పంపింది. తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ 2025 మార్చిలో స్త్రీలను కించపరిచే నృత్యభంగిమలు మానుకోవాలని సినిమా వారిని హెచ్చరించింది. ఒకటి ఛానళ్ళకు, ఒకటి సినిమా వారికి. షామియానా కింద జరిగే పాఠశాల వార్షికోత్సవానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అక్కడ ఉన్నది మనమే కదా, మనకు మనం చెప్పుకుంటామనుకున్నారేమో.

ఇప్పుడు నేను చెప్పబోయేది కొంచెం బరువైన సంగతి. సంబంధిత కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. 1990లలో నేను ఒక ఏరియా ఆసుపత్రిలో ఉండగా ఒక తల్లి తొమ్మిదేళ్ళ కూతురిని ఔట్ పేషెంటు విభాగానికి తీసుకువచ్చింది. మూత్రంలో మంట, కడుపునొప్పి, వారం రోజులుగా బడికి వెళ్ళనని మారాం. ఎక్కడమ్మా నొప్పి అని అడిగితే పాప తల వంచుకుంది. రెండోసారి అడిగితే నెమ్మదిగా ఒక మాట అన్నది. అది ఆ రోజుల్లో ప్రతి టీ దుకాణంలోనూ మోగుతున్న పాటలోని మాట. తల్లి చటుక్కున పాప నోటి మీద కొట్టింది. "చూశారా బాబూ, సినిమా పాటలు విని ఎలాంటి మాటలు నేర్చిందో" అని నాతో వాపోయింది.

మా ఆసుపత్రిలో ఒక సీనియర్ సిస్టరు ఉండేవారు. ఆమె తల్లి చెయ్యి పట్టుకుని ఆపి, పాపను పక్క గదిలోకి తీసుకువెళ్ళి, బిస్కెట్టు చేతిలో పెట్టి, అరగంట సేపు దాని బడి గురించి, మేకపిల్ల గురించి మాట్లాడారు. ఆ తరువాత తెలిసింది. ఇంటికి వచ్చిపోయే దగ్గరి బంధువు ఒకడు ఆ బిడ్డకు అన్యాయం చేస్తున్నాడు. తన శరీరంలోని ఆ భాగాన్ని చెప్పడానికి బిడ్డకు మనం ఏ మాటా నేర్పలేదు. ఇంట్లో 'సిగ్గు, సిగ్గు' అనడం తప్ప పేరు లేదు, బడిలో ఆ ఊసే లేదు. ఆమెకు దొరికిన ఒకే ఒక్క మాట పాట ఇచ్చింది. ఆ మాట వింటే పెద్దలు నవ్వుతారు, లేదా కొడతారు. నమ్మరు.

లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే పోక్సో చట్టం అప్పటికి లేదు. అది 2012 నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చింది. ఉన్న చట్టాల ప్రకారమే మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలియజేశాము. ఆ తల్లిని నేను ఈనాటికీ తప్పు పట్టను. బిడ్డ చెడు మాట పలికితే దిద్దాలని ఆమెకు పెద్దలు నేర్పారు, ఆమె అదే చేసింది. పాట ఆ నేరం చేయించిందని కూడా నేను అనను. అన్నం తిని, భజనలు విని ఆ పని చేసిన వాళ్ళు కూడా ఉన్నారు. పాట చేసింది మరొకటి. బిడ్డ చెప్పుకోవలసిన బాధను ఒక ఎగతాళి మాటగా ముందే మార్చి పెట్టింది.

ఇక పరిశోధనల సంగతి. వీటిని అతిగా చెప్పేవారు ఉన్నారు, పూర్తిగా కొట్టిపారేసేవారూ ఉన్నారు. అమెరికాలో ర్యాండ్ సంస్థ పరిశోధకులు 12 నుంచి 17 ఏళ్ళ మధ్య వయసుగల 1,461 మంది పిల్లలను 2001, 2002, 2004 సంవత్సరాలలో మూడుసార్లు ప్రశ్నించి, ఫలితాలను 2006లో 'పీడియాట్రిక్స్' పత్రికలో ప్రచురించారు. ఆ అధ్యయనంలో నాకు ముఖ్యంగా తోచినది వారు చేసిన విభజన. శృంగార ప్రస్తావన ఉన్న పాటలన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. పురుషుణ్ణి అదుపులేని కామిగాను, స్త్రీని వాడుకునే వస్తువుగాను చూపే పాటలు ఒక వర్గం. శృంగారం ఉన్నా ఇద్దరినీ మనుషులుగా చూపే పాటలు మరో వర్గం. మొదటి వర్గం పాటలు ఎక్కువగా విన్న పిల్లలు తోటివారి కంటే ముందుగా లైంగిక చర్యలకు పాల్పడినట్లు తేలింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. రెండో వర్గం పాటలకు అటువంటి సంబంధం కనిపించలేదు. 2009లో 711 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులపై జరిగిన మరొక అధ్యయనం కూడా ఈ దిశనే చూపింది.

ఇక్కడ వైద్య విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే చెప్పే హెచ్చరిక ఒకటుంది. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తీర్మానించకూడదు. ఆ వైపు మనసు మళ్ళిన పిల్లలే ఆ పాటలను ఎంచుకుని ఉండవచ్చు. అమెరికా పిల్లల లెక్కలను తెచ్చి పాలకొండ పిల్లలకు అతికించలేము. అయినా హాని శృంగారంలో కంటే అవమానంలో ఉన్నదన్న ఆ ఒక్క సూచన, ఆసుపత్రిలో నేను చూసిన దానితో సరిపోతుంది.

అందుకే మన సాహిత్యంలో మాత్రం శృంగారం లేదా అని వాదించే మిత్రులతో నాకు పేచీ లేదు. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. క్షేత్రయ్య పదాలలో నాయిక మాట్లాడుతుంది, కోపగించుకుంటుంది, దెప్పుతుంది, తలుపు వేస్తుంది. ఆమెకు నోరుంది, నిర్ణయం ఉంది. తంజావూరులో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురిస్తే, అశ్లీలమని ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు ఆ నిషేధాన్ని ఎత్తివేయించారు. ఆయన చేసినది సరైన పనేనని నా అభిప్రాయం. అది పెద్దలు పెద్దల కోసం రాసుకున్నది, అందులో స్త్రీ మనిషి. రెండో తరగతి పిల్లల రైములా దానిని ఎవరూ మైకులో వేయలేదు.

నిషేధాల మీద నాకు నమ్మకం తక్కువ కావడానికి మరో కారణం కూడా ఉంది. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలను దాదాపు ఆపివేయించారు. జనం శాస్త్రీయ సంగీతం విన్నారా? రేడియో ముల్లు తిప్పి సిలోను పెట్టుకున్నారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టవలసి వచ్చింది. అమెరికాలో 1985లో సెనేటరు గారి భార్య టిప్పర్ గోర్, తన పదకొండేళ్ళ కూతురు కోసం కొన్న ప్రిన్స్ ఆల్బంలోని ఒక పాట విని నివ్వెరపోయి, మరికొందరు మహిళలతో కలిసి ఉద్యమం నడిపారు. సెనేటు కమిటీ విచారణ జరిగింది. తల్లిదండ్రులను హెచ్చరించే నలుపు తెలుపు చీటీ ఆల్బముల మీదకు వచ్చింది. కొండల అందం మీద తాను రాసిన పాటను మత్తుమందుల పాటగా పొరబడి కొన్ని రేడియో స్టేషన్లు ఆపేశాయని జాన్ డెన్వర్ ఆ విచారణలో వాపోయాడు. చీటీ ఉన్న ఆల్బము కోసమే కుర్రవాళ్ళు వెతికేవారని తరువాత చాలామంది ఎగతాళి చేశారు. ఆ చీటీ తల్లిదండ్రులకు కొంత సాయపడిందనే నేను అనుకుంటాను. కానీ చీటీ చదవాలంటే ముందు తల్లిదండ్రులకు పాట వినిపించాలి కదా. మన ఇళ్ళలో అదే జరగడం లేదు. పాట మోగుతూ ఉంటుంది, ఎవరూ వినరు, పిల్లలు తప్ప.

ఆడపిల్లల గురించే మాట్లాడి మగపిల్లలను వదిలేయడం మన అలవాటు. పదమూడు పద్నాలుగేళ్ళ మగపిల్లవాడి శరీరంలో హార్మోనులు తెచ్చే కల్లోలానికి అర్థం చెప్పేవారు ఇంట్లో ఉండరు. తండ్రి మాట్లాడడు, బడిలో జీవశాస్త్రం మాస్టారు ఆ పాఠాన్ని ఇంట్లో చదువుకోమంటారు. ఆ ఖాళీలో పాట కూర్చుని పాఠం చెబుతుంది. వెంటపడటం మగతనమని, వద్దనడం ఆడదాని నటన అని చెబుతుంది. ఆ పాఠం ఒంటబట్టిన కుర్రవాడికి, ఒక అమ్మాయి నిజంగా వద్దన్న రోజున ఆ మాట వినిపించదు. వినిపించినా నమ్మడు. ఆ తరువాత ఆ ఇద్దరి జీవితాలలో జరిగే వాటిని ఆసుపత్రి క్యాజువాలిటీలో చూసినవాణ్ణి కనుక ఇంతకంటే వివరించను.

నన్ను అడిగిన తల్లిదండ్రులకు నేను చెప్పేవి చిన్న విషయాలే. పసిబిడ్డ ఆ పాట పాడితే ఉలిక్కిపడి కొట్టవద్దు, నవ్వి వీడియో తీయవద్దు. రెండూ ఆ మాటకు విలువ పెంచుతాయి. మరో పాట ఎత్తుకోండి, చాలు. ఏడెనిమిదేళ్ళ బిడ్డ అర్థం అడిగితే, "అది ఆ అమ్మాయిని వెక్కిరించే మాట, మనం వాడము" అని నిజం చెప్పండి. శరీరభాగాలన్నిటికీ ఇంట్లోనే గౌరవమైన పేర్లు నేర్పండి. ముక్కును ముక్కు అన్నంత మామూలుగా నేర్పండి. ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి బిడ్డకు తనదైన మాట ఉండాలి. పెద్దపిల్లలతో మాత్రం పాటను ఆపించి ఉపన్యాసం ఇవ్వకండి. సాహిత్యాన్ని కాగితం మీద రాసి, రాగం లేకుండా, వార్తలు చదివినట్లు చదివించండి.

ఈ చివరి సలహాను నిరుడు మా ఊరి పాఠశాలలో అమలు చేసి చూశాము. వార్షికోత్సవానికి నెల ముందు ఉపాధ్యాయుల సమావేశానికి నన్ను పిలిచారు. డాన్సు మాస్టారు, పాతికేళ్ళ కుర్రవాడు, పదకొండు పాటల జాబితా తెచ్చాడు. నాలుగో పాట పల్లవిని గట్టిగా చదవమని అడిగాను. ఒకటిన్నర పంక్తి చదివి, గొంతు సవరించుకుని, కాగితం పక్కనున్న లెక్కల టీచరు గారికి అందించాడు. ఆమె చూసి, చదవకుండానే, సోషలు మాస్టారికి అందించారు. అలా బల్ల చుట్టూ తిరిగి కాగితం మళ్ళీ నా దగ్గరకు వచ్చింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ పాటతోపాటు మరో మూడు పాటలను ఆ కుర్రవాడే కొట్టివేశాడు.

కొట్టివేసి, "మరి వీటి బదులు ఏం పెట్టమంటారు సార్? పిల్లలు ఎగరాలి కదా, దరువు ఉండాలి కదా?" అని నన్ను నిలదీశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మంచి పాట అనగానే మనం నిద్ర వచ్చే పాట సూచిస్తాము. చివరికి తప్పెటగుళ్ళు నేర్పిద్దామని సోషలు మాస్టారు అన్నారు. పక్క ఊరి నుంచి ఒక వృద్ధ కళాకారుడు పదిహేను రోజులు సాయంత్రాలు వచ్చి నేర్పారు. పూర్వం మగవాళ్ళే ఆడే ఆ ఆటకు ఆడపిల్లలే ఎక్కువమంది పేర్లు ఇచ్చారు. రేకు గుళ్ళు సరిపోక మరో ఎనిమిది చేయించవలసి వచ్చింది. వాటిని ఎదురు రొమ్ముకు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఆ పిల్లలు గెంతులు వేస్తుంటే, చప్పుడు భరించలేకపోతున్నామని బడి వెనక వీధివాళ్ళు రెండుసార్లు వచ్చి ప్రధానోపాధ్యాయురాలికి ఫిర్యాదు చేశారట.